పిల్లలు లేజర్ అడిగితే

“నాన్నా, బెలూన్ పగిలే క్షణాన్ని హోలోగ్రామ్ తీయొచ్చా?” అని మీ అమ్మాయి అడిగిందనుకోండి. చాలా ఇళ్లలో వెంటనే వచ్చే జవాబు “ముందు చదువు సంగతి చూడు తల్లీ” అన్నదే. కొన్ని ఇళ్లలో ముచ్చటపడిపోయి, ఏం కొంటున్నామో చూసుకోకుండానే లేజర్‌కి ఆర్డర్ పెట్టేస్తారు. మొదటి జవాబుతో పిల్ల ఉత్సాహం అక్కడే చల్లారిపోతుంది. రెండోదానితో ఇంట్లో ఎవరి కంటికైనా మానని గాయం కావచ్చు. ఈ రెండూ కాకుండా ఇంకో దారి ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ సరదా చాలా మంచిది, ప్రోత్సహించండి. అయితే ఇందులో ఇంటి గడప దాటి లోపలికి రానివ్వకూడని వస్తువు ఒకటుంది. అదేమిటో, ఎందుకు రాకూడదో మీకు తెలిసి ఉంటే, మీరు వద్దన్నా పిల్లలు అర్థం చేసుకుంటారు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఎన్నికల సభల్లో వేదిక మీద నాయకుడు ప్రత్యక్షమైనట్టు చూపించేదాన్నీ, ఫోన్ మీద ప్లాస్టిక్ పిరమిడ్ బోర్లించి సీతాకోకచిలుకను ఎగరేసేదాన్నీ అందరూ హోలోగ్రామ్ అనే అంటున్నారు. అవి అద్దం మీదో పారదర్శకమైన తెర మీదో కనబడే ప్రతిబింబాలు. 1860లలోనే లండన్‌లో వేదిక మీద దయ్యాలను చూపించడానికి వాడిన ఉపాయం అది. అసలైన హోలోగ్రామ్ వేరు. లేజర్ కాంతిలో కొంత నేరుగా ఫిల్ము మీద పడుతుంది, కొంత వస్తువు మీద పడి తిరిగి ఫిల్మును చేరుతుంది. రెండూ కలిసిన చోట వెలుగూ చీకటీ ఒకదాని పక్కన ఒకటిగా అతి సన్నని పట్టీలు ఏర్పడతాయి. ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్సులో యంగ్ ప్రయోగం దగ్గర వ్యతికరణ పట్టీలని చదువుతారే, అవే. ఫిల్ములో నమోదయ్యేవి ఆ పట్టీలు. తర్వాత సరైన వెలుగు చూపిస్తే, వస్తువు నుంచి వచ్చిన కాంతి మళ్లీ అదే తీరున బయలుదేరుతుంది. తల పక్కకు జరిపి చూస్తే వస్తువు పక్క భాగం కూడా కనబడుతుంది.

దీనికి ఆద్యుడు హంగేరీలో పుట్టిన డెనిస్ గాబర్. 1947లో ఇంగ్లండ్‌లోని రగ్బీలో పనిచేస్తూ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును మెరుగుపరచాలని ఆలోచిస్తూ ఆయన ఈ పద్ధతిని కనిపెట్టారు. దానికి 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. 1960లో లేజర్ పుట్టాక గానీ ఈ ఆలోచనకు ఊపు రాలేదు. 1962లో సోవియట్ శాస్త్రవేత్త యూరీ డెనిస్యుక్ మామూలు తెల్లని వెలుగులోనే చూడగలిగే హోలోగ్రామ్ పద్ధతిని ప్రకటించారు. ఈరోజు పిల్లలు ఇంట్లో చేసేది దాదాపుగా ఆయన పద్ధతే. రెండేళ్ల తర్వాత అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెట్ లీత్, యూరిస్ ఉపాట్నిక్స్ ఒక బొమ్మ రైలును లేజర్‌తో హోలోగ్రామ్ తీసి లోకాన్ని ఆశ్చర్యపరిచారు. వాళ్లు రైలును ఎంచుకున్నారు గానీ, అది కదలని రైలు.

కదిలితే ఏమవుతుందో ఇక్కడే తెలుసుకోవాలి, ఎందుకంటే మీ అమ్మాయి కోరిక అంతా దాని చుట్టూనే ఉంది. ఎర్ర లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 0.63 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. ఫిల్ము మీద వెలుగు పడుతున్నంతసేపూ వస్తువు ఆ తరంగంలో పదో వంతుకు మించి కదలకూడదని ఈ పనిలో ఉన్నవాళ్లు లెక్క వేసుకుంటారు. తలవెంట్రుక మందంలో అది దాదాపు వెయ్యో వంతు. కదలకుండా ఉంచామనుకున్న చెయ్యి కూడా సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకు సెకనుకు ఒక్క మిల్లీమీటరే అనుకుందాం. కెమెరాలో సెకనులో వెయ్యో వంతు పెట్టినా ఆ కాస్తలోనే చెయ్యి ఒక మైక్రాన్ జరిగిపోతుంది. ఫోటోకి అది లెక్కలోకే రాదు. హోలోగ్రామ్‌కి వచ్చేసరికి అది ఒక తరంగం కన్నా పెద్ద కదలిక. పట్టీలన్నీ ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి.

అలుక్కుపోతే బొమ్మ మసకగా వస్తుందని అనుకుంటారు. అలా జరగదు, అసలు కనబడదు. కుండీలో తులసి మొక్కను పెట్టి కొన్ని నిమిషాలు ఎక్స్‌పోజ్ చేశారనుకోండి. కుండీ మాత్రం అంచు మీది చిన్న పెచ్చుతో సహా నిక్కచ్చిగా వస్తుంది. మొక్క ఉండాల్సిన చోట, సరిగ్గా ఆకుల ఆకారంలో, నల్లటి ఖాళీ మిగులుతుంది. గాలి లేని గదిలో కూడా ఆకు కదులుతుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకు మించిన పాఠం నాకు తెలియదు. ఇలాంటి ప్లేటు చేతికొచ్చిన రోజున పిల్లలు నిరుత్సాహపడతారు. “పాడైపోయింది” అని పక్కన పడేయనివ్వకండి. ఎందుకు నల్లబడిందో వాళ్ల చేతే చెప్పించండి. వాళ్లకు హోలోగ్రామ్ అర్థమైనట్టు అక్కడే తెలుస్తుంది.

మరి కదిలేవాటిని తీసినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. వెలుగు పడే సమయాన్నే కుదించేస్తే కదలడానికి వ్యవధే ఉండదు. అందుకు పుట్టినవే పల్స్ లేజర్లు. కాంతినంతా కూడబెట్టి 20, 30 నానోసెకన్లలో ఒక్కసారిగా వదిలేస్తాయి. 1967 అక్టోబర్ 31న, మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్‌లో లారెన్స్ సీబర్ట్ అనే ఇంజినీరు రూబీ పల్స్ లేజర్‌తో తన హోలోగ్రామ్ తానే తీసుకున్నారు. బతికున్న మనిషి హోలోగ్రామ్‌లో నిలవడం అదే మొదలు. 25 నానోసెకన్లంటే సెకనులో నాలుగు కోట్లో వంతు. మీటరు ఎత్తు నుంచి పడిన నీటిచుక్క కూడా ఆ వ్యవధిలో 0.11 మైక్రాన్ కన్నా ఎక్కువ దిగదు. అందుకే చిమ్మిన నీళ్లు, ఎగిరిన పిట్ట, నవ్వుతున్న ముఖం హోలోగ్రామ్‌లోకి వచ్చాయి. 1960ల మధ్యలో కాలిఫోర్నియాలోని టీఆర్‌డబ్ల్యూ సంస్థలో బ్రూక్స్, హెఫ్లింగర్, వ్యూర్కర్ అనే ముగ్గురు దూసుకుపోయే తూటా చుట్టూ గాలిలో లేచే అలలను కూడా పట్టుకున్నారు. ఇవన్నీ మీ పిల్లలకు ఎలాగూ తెలుస్తాయి. చదివి, ఆ లేజర్ మనమూ కొనుక్కుందామని మీ దగ్గరికి వస్తారు.

ఆ పల్స్ లేజర్‌నే ఇంట్లోకి రానివ్వకూడదని నేననేది.

కారణాలు వివరంగా చెబుతాను. పిల్లలకు మీరు చెప్పేటప్పుడు కూడా ఇంత వివరంగానే చెప్పండి. మన కంటికి ఎక్కువ వెలుగు తగిలితే రెప్ప మూతపడుతుంది. అందుకు దాదాపు పావు సెకను పడుతుంది. చిన్న లేజర్ల నుంచి మనల్ని కాపాడేది చాలావరకు ఆ పావు సెకనే. పల్స్ లేజర్ వెలుగు రెప్ప కదలిక మొదలవడానికి ఎంతో ముందే వచ్చి, చేయాల్సిన హాని చేసి, అయిపోతుంది. కంటిలోని కటకం ఆ కాంతిని రెటీనా మీద ఒక చిన్న చుక్కగా కూడదీస్తుంది. కనుపాప దగ్గర ఉన్న తీవ్రత రెటీనా చేరేసరికి లక్ష రెట్ల దాకా పెరుగుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు. కాలిన చోట చూపు తిరిగి రాదు. నేరుగా కంట్లో పడక్కర్లేదు, వాచీ అద్దం మీదో స్టీలు గరిటె మీదో పడి తిరిగి వచ్చినా చాలు. ఎన్‌డీ-యాగ్ అనే రకం లేజర్ల కాంతి 1064 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, అది అసలు కంటికి కనబడదు. కనబడని వెలుగు నుంచి తప్పుకోమని పిల్లలకు ఎలా చెబుతాం?

కన్ను ఒక్కటే కూడా కాదు. ఈ లేజర్లకు ఫ్లాష్ దీపం వెలిగించడానికి పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. వందలు, వేల వోల్టుల దాకా ఛార్జ్ అయి, స్విచ్ ఆపాక కూడా ఆ ఛార్జిని దాచుకుంటాయి. ప్లగ్ తీసేశాం కదా అని చెయ్యి పెట్టినవాళ్ల ప్రాణాలు పోయేంత శక్తి వాటిలో ఉంటుంది. విదేశాల్లో పల్స్ లేజర్‌తో హోలోగ్రాములను ఇంటి షెడ్డుల్లో తీసిన పెద్దవాళ్లున్నారు. సైన్యం పక్కన పడేసిన దూరమాపకాల లేజర్లను కొని బాగుచేసుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఆ రంగంలోనే ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు. ఆ కథలు మీ అబ్బాయి చదివితే ఆ మాట కూడా కలిపి చెప్పండి. ఇప్పుడు పచ్చబొట్లు చెరిపే యంత్రం అన్న పేరుతో ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవి చాలావరకు ఇవే పల్స్ లేజర్లు. వాటి కాంతి హోలోగ్రామ్‌కి కావలసినంత శుభ్రంగా ఉండదు, అంటే పనికీ రావు. ప్రమాదం మాత్రం పూర్తిగా ఉంటుంది.

ఇది చెప్పేటప్పుడు గొంతు పెంచాల్సిన పని లేదు. “నీ మీద నమ్మకం లేక కాదమ్మా, ఆ వెలుగు నీ రెప్ప కన్నా వేగంగా వస్తుంది” అనండి. లెక్క చెబితే వినే వయసు అది. దాంతోపాటు, ఇది ఇప్పటికి మాత్రమే అని కూడా చెప్పండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నానోసెకను, ఫెమ్టోసెకను పల్స్ లేజర్లతో పరిశోధనలు చేస్తున్నారు. మద్రాస్ ఐఐటీలో హోలోగ్రఫీతో కొలతలు తీసే పని దశాబ్దాలుగా సాగింది. ఫిబ్రవరి 28న, జాతీయ సైన్స్ దినోత్సవానికి చాలా పరిశోధన సంస్థలు విద్యార్థులను లోపలికి రానిస్తాయి. ఒక్కసారి అలాంటి చోటికి తీసుకెళ్లి, గది తలుపు మీది ఎర్ర దీపాన్నీ, లోపల పనిచేసేవాళ్లు పెట్టుకునే కళ్లద్దాలనూ చూపించండి. మీరు ఇంట్లో చెప్పినదంతా వాళ్లకు అక్కడ కళ్ల ముందు కనబడుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో సదుపాయం ఉంది. న్యూయార్క్‌లో 1976 నుంచి 1992 దాకా నడిచిన హోలోగ్రఫీ మ్యూజియం సేకరణ బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్‌లో ఎంఐటీ మ్యూజియానికి చేరింది. ఆ వైపు వెళ్తే పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి.

ఇక ఇంట్లో ఏం చేయవచ్చో చూద్దాం. పిల్ల ఎంత తొందరపడినా మొదటి హోలోగ్రామ్ కదలని వస్తువుదే కావాలి. రసాయనాలతో పని లేకుండా, వెలుగు పడితే చాలు దానంతట అదే తయారయ్యే ఫోటోపాలిమర్ ఫిల్ము ఉన్న కిట్లు విదేశాల నుంచి వస్తాయి. పిల్లలకు అవే మంచివి. కడిగే రకం ప్లేట్లు తర్వాత చూసుకోవచ్చు. డైక్రోమేట్ ఉన్న బ్లీచ్ అయితే ఇంట్లో అసలు వద్దు, అది క్యాన్సర్ కారకం. లేజర్ 5 మిల్లీవాట్లకు మించకూడదు. ముందున్న కటకం తీసేసిన చిన్న డయోడ్ లేజర్ అయితే కాంతి విసనకర్రలా విచ్చుకుని పలచబడుతుంది. హోలోగ్రామ్‌కి కావలసిందీ అదే, కంటికి క్షేమమూ అదే. అయినా దానికేసి చూడకూడదు. పని మొదలయ్యే ముందు ఉంగరాలు, గాజులు, వాచీలు తీసి పక్కన పెట్టించండి. కూర్చున్న చిన్నపిల్లల కళ్ల ఎత్తులో లేజర్ ఉండకూడదు. ఎండ కళ్లద్దాలు లేజర్ నుంచి కాపాడవు. ఆకుపచ్చ లేజర్ పాయింటర్లు కొనకండి, చవకరకం వాటిలో కనబడని పరారుణ కాంతి కూడా బయటికి వస్తుంది. లేజర్‌ను మేడ మీదికి తీసుకెళ్లి ఆకాశంలోకి వేయడం ఆటగా కూడా జరగకూడదు. విమానం నడిపేవారి కళ్లు చెదురుతాయి, అది నేరం కూడా.

వస్తువు గట్టిదై, మెరుపు ఉన్నదై ఉండాలి. రూపాయి బిళ్ళ, గవ్వ, దేవుడి గూట్లోని చిన్న ఇత్తడి వినాయకుడు బాగా వస్తాయి. గుడ్డ బొమ్మలు, పళ్లు, పూలు రావు. స్కూటర్ ట్యూబులో సగం గాలి నింపి నేల మీద పడుకోబెట్టి, దాని మీద వంటగదిలో మిగిలిపోయిన గ్రానైట్ ముక్క పెడితే అదే మంచి బల్ల. దాని మీద వస్తువు, దాన్ని దాదాపు తాకుతూ ఫిల్ము, ఎదురుగా లేజర్. అన్నీ అమర్చాక వెంటనే మొదలుపెట్టకూడదు. లేజర్ ముందు నల్ల అట్ట అడ్డుపెట్టి, వెలిగించి కొన్ని నిమిషాలు ఆగాలి. లేజర్ కుదురుకోవాలి, చేతులు తగిలి కదిలిన వస్తువులన్నీ నిమ్మళించాలి. తర్వాత అట్టను బల్ల మీద నుంచి కాస్త పైకి లేపి, కాంతికి ఇంకా అడ్డంగానే పట్టుకుని, అలాగే పది సెకన్లు ఉండాలి. అట్ట ఎత్తినప్పుడు బల్లకు తగిలిన ఆ కాస్త కుదుపు కూడా సద్దుమణగాలి. అప్పుడు గానీ పక్కకు తీయకూడదు. ఈ ఒక్క మెళకువ తెలియక పాడైపోయే ప్లేట్లు చాలా ఉంటాయి.

ఆ కొద్ది నిమిషాలూ ఇల్లంతా ఆ అమ్మాయి అదుపులో ఉంటుంది. “అమ్మా, ఫ్యాన్ ఆపెయ్యి. తాతయ్యా, మీరు కుర్చీలోంచి లేవకండేం” అంటుంది. వినండి. ఫ్యాన్, ఏసీ, మిక్సీ ఆపేయండి. కింద బోరు మోటార్ ఆడే వేళ కాకుండా, లిఫ్టు సద్దుమణిగాక రాత్రి పూట పెట్టుకోండి. ఇంట్లో అందరూ ఫోన్లు పక్కన పెట్టి, చీకట్లో మాటామంతీ లేకుండా కూర్చోవడం ఈ రోజుల్లో ఎంత అరుదో మీకు చెప్పనక్కర్లేదు. పిల్లల సరదాకి పెద్దవాళ్లు చేయగల సాయాల్లో నేను దీనికే పెద్దపీట వేస్తాను. పరికరాలు కొనివ్వడం దీని తర్వాతే. వచ్చిన ప్లేటుకు ఫోన్ టార్చి చూపించి, వినాయకుడి తొండం వెనక ఏముందో తలవంచి చూసే ఘడియలో మీరూ పక్కన ఉండండి.

ఇది బాగా చేయి తిరిగాక, “మరి కదిలేది?” అన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. రావాలి కూడా. దానికి చిన్న లేజర్‌తోనే సరిపోయే ఒక చక్కని జవాబు ఉంది. 1965లో మిషిగన్‌లోనే రాబర్ట్ పావెల్, కార్ల్ స్టెట్సన్ కంపించే వస్తువుల హోలోగ్రాములు తీసి చూపించారు. సెకనుకు కొన్ని వందల, వేల సార్లు కంపించే రేకును మామూలు లేజర్‌తో, నిమిషాల తరబడి ఎక్స్‌పోజ్ చేసినా హోలోగ్రామ్ వస్తుంది. ఊగేది ప్రతి ఊగులోనూ రెండు చివరల దగ్గర క్షణం ఆగి వెనక్కి తిరుగుతుంది. ఎక్కువ సమయం గడిపేది అక్కడే కాబట్టి ఫిల్ములో ఎక్కువగా నమోదయ్యేదీ అదే. అసలు కదలని చోట్లు తళతళా వస్తాయి. కదిలే చోట్ల కదలికను బట్టి నల్లటి గీతలు వలయాలుగా పడతాయి. ప్రతి గీతా అక్కడ ఎంత ఊగిందో చెప్పే కొలత.

చేయడానికి బజర్లలో వాడే సన్నని ఇత్తడి బిళ్ళ చాలు, ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో చవగ్గా దొరుకుతుంది. దాని అంచును బరువైన ఇనప ముక్కకు గట్టిగా అతికించి, ఫోన్ నుంచి చిన్న యాంప్లిఫయర్ ద్వారా ఒకే శ్రుతి ఇవ్వాలి. మొదట శబ్దం లేకుండా ఒక హోలోగ్రామ్ తీయించండి. అది సరిగ్గా వస్తేనే అమరిక గట్టిగా ఉన్నట్టు. తర్వాత వినీవినబడనంత తక్కువ ధ్వనితో తీయాలి. పిల్లలు వాల్యూమ్ పెంచాలని చూస్తారు. పెంచితే గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరై, చివరికి బిళ్ళే మాయమవుతుంది. శ్రుతి మార్చి తీస్తే వలయాల తీరు మారుతుంది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్, మృదంగం, తబలా మూతలు ఎలా కంపిస్తాయో సన్నని ఇసుక చల్లి పరిశీలించి వ్యాసాలు రాశారు. మూతకు కరణ అనే నల్లటి ముద్ద ఎందుకు వేస్తారో, నాదం అంత శ్రావ్యంగా ఎందుకు వస్తుందో ఆయన అలా వివరించారు. మీ ఇంట్లో మృదంగమో వీణో నేర్చుకునే పిల్లలుంటే ఈ రెండు సరదాలూ ఇక్కడ కలుస్తాయి.

రెండో దారి నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే దీనికి లేజర్ కూడా అక్కర్లేదు, పైగా ఇందులో నిజంగా పరుగెత్తే ప్రాణులే ఉంటాయి. ఎండుగడ్డి ముక్కలు నాలుగు చెరువు నీళ్లలో వేసి కొన్ని రోజులు ఉంచితే అందులో పారమీషియం లాంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి. పాత వెబ్‌క్యామ్ ముందున్న కటకం మరతిప్పి తీసేస్తే లోపల సెన్సార్ కనబడుతుంది. దాని మీద పలుచని గాజు పలక, ఆ పలక మీద ఒక్క నీటిచుక్క. కొంత ఎత్తులో చిన్న ఎల్‌ఈడీ, దాని ముందు అల్యూమినియం ఫాయిల్‌కి సన్నని సూది మొనతో తాకీ తాకనట్టు పొడిచిన రంధ్రం. ఆ రంధ్రం గుండా వచ్చే వెలుగు హోలోగ్రామ్‌కి తగినంత క్రమంగా ఉంటుంది. గాబర్ మొదట ఊహించిన అమరిక కూడా ఇలాంటిదే, వస్తువూ వెలుగూ ఒకే వరుసలో. తెర మీద ముందుగా జీవి కనబడదు, దాని చుట్టూ చెరువులో రాయి వేసినట్టు వలయాలు కనబడతాయి. ఆ వలయాలే హోలోగ్రామ్. పైథాన్‌లో కొన్ని పదుల వరుసల ప్రోగ్రామ్ రాస్తే, కాంతి వెనక్కి నడిచినట్టు కంప్యూటర్ లెక్కగట్టి జీవి రూపాన్ని బయటికి తెస్తుంది. దూరం అంకె మార్చుకుంటూ పోతే, ఒకే చిత్రంలో పైన ఉన్న జీవీ కింద ఉన్న జీవీ ఒక్కొక్కటిగా స్పష్టమవుతాయి. మైక్రోస్కోప్ మర తిప్పే పని చిత్రం తీసేశాక, తీరిగ్గా జరుగుతుందన్నమాట.

పారమీషియం సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు ఈదుతుంది. ఎక్స్‌పోజర్ సెకనులో వెయ్యో వంతుకు దించితే అది ఒక మైక్రాన్ మాత్రమే జరుగుతుంది. వెలుగు ఆ జీవిని దాటి సూటిగా ముందుకే పోతుంది కాబట్టి పక్కకు జరిగినా పట్టీలు చెరిగిపోవు. ఇందాక చెయ్యి వణుకు లెక్కలో అదే ఒక్క మైక్రాన్ అంతా పాడుచేసింది కదా, ఇక్కడ ఎందుకు చేయలేదని పిల్లల్ని అడగండి. పదో తరగతి పిల్లవాడు కూడా కాగితం మీద బొమ్మ గీసుకుని దీన్ని తేల్చుకోగలడు. వెలుగు వెళ్లే దూరం మారిందా లేదా అన్నదే అక్కడి కిటుకు. ప్రోగ్రాం రాయడం ఇష్టమైన పిల్లలకు ఇంత మంచి పని నాకు మరొకటి తోచదు.

బెలూన్ సంగతి మిగిలింది. దాన్ని మామూలు ఫోటోగా తీయొచ్చు. ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ పాలచుక్క చిందడాన్నీ, యాపిల్‌లోంచి తూటా దూసుకుపోవడాన్నీ క్షణికమైన ఫ్లాష్ వెలుగుతో నిలబెట్టారు. చీకటి గదిలో కెమెరా షట్టర్ తెరిచి ఉంచి, ఫ్లాష్‌ను అతి తక్కువ శక్తి మీద పెట్టి, చప్పుడు విని వెలిగేలా చిన్న సర్క్యూట్ కడితే పిల్లలే చేయగలరు. ఆ సర్క్యూట్ బ్యాటరీతో నడిచేదై ఉండాలి, ఫ్లాష్ గన్‌ను విప్పకూడదు, దాని లోపలా కెపాసిటర్ ఉంటుంది. కదిలే మనిషిని హోలోగ్రామ్‌లో చూపించే ఉపాయం కూడా ఒకటుంది. 1970లలో శాన్ ఫ్రాన్సిస్కోలో లాయిడ్ క్రాస్ తిరిగే పీట మీద మనిషిని మామూలు సినిమా కెమెరాతో తీసి, ఆ ఫ్రేములను సన్నని నిలువు హోలోగ్రామ్ చీలికలుగా పక్కపక్కన ముద్రించారు. చుట్టూ నడిచి చూస్తే లోపలి మనిషి కదులుతుంది. ఇది కష్టమైన పని, మొదటి రెండూ వచ్చాక ఆలోచించవచ్చు.

చదువు పాడవుతుందన్న భయం గురించి ఒక్కమాట. ఇందులో నేర్చుకునేది తరంగాలు, ధ్వని, వ్యతికరణం. ఎలాగూ పరీక్షల్లో వచ్చేవే. అయినా మార్కులు పెరుగుతాయని చెప్పి ఈ సరదాను సమర్థించడం నాకిష్టం లేదు. ప్లేటు బాగా రాని రాత్రి కూడా ‘ఎందుకు రాలేదు’ అని కూర్చుని ఆలోచించే పిల్లను ‘దీనివల్ల ఎన్ని మార్కులు’ అని అడగకండి. వేసవి సెలవుల్లో మొదలుపెట్టనివ్వండి, పరీక్షల నెలల్లో ఫిల్ము పెట్టె మూసేయమనండి. ఆ ఒప్పందం పిల్లలకు కష్టమేమీ కాదు. పన్నెండేళ్ల లోపువారు ఒంటరిగా లేజర్ ముట్టుకోకూడదు. ఆపైన కూడా, కొత్త అమరిక పెట్టిన ప్రతిసారీ పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండాలి. చెరువు నీటి ప్రయోగానికి మాత్రం ఈ కాపలా అక్కర్లేదు. తొమ్మిది పదేళ్ల వాళ్లనూ దానితో వదిలేయవచ్చు.

చివరగా ఒక పని ఈ పూటే చేయండి. మీ ఇంట్లో ఇప్పటికే ఏదైనా లేజర్ ఉంటే, పిల్లి కోసం కొన్నదైనా సరే, దాని మీది చీటీ చదవండి. క్లాస్ 2 అనీ, 1 మిల్లీవాటు లోపనీ ఉంటే పిల్లలకు జాగ్రత్తలు చెప్పి ఇవ్వొచ్చు. క్లాస్ 3ఆర్, 5 మిల్లీవాట్ల లోపు అని ఉంటే మీరు పక్కన ఉన్నప్పుడే వాడనివ్వండి. క్లాస్ 3బీ అనో 4 అనో ఉన్నా, అసలు చీటీయే లేకపోయినా, పిల్లల చేతికి ఇవ్వకండి. ఎందుకు ఇవ్వడం లేదో కూడా వాళ్లకు చెప్పండి.